తొమ్మిది ముక్కలు, నలభై ఆరులో

డుల్యూత్‌లో జనవరి.
సరస్సు అంచు పగిలిన పింగాణీలా గడ్డకట్టి ఉంది.
పొద్దున తొమ్మిదింటికి నా క్లాసు.
పేకాట గణితం. మూడు వారాలు, రెండు క్రెడిట్లు.

డీన్ ఉత్తరంలో షరతులు రాశారు:
డబ్బు కనబడకూడదు,
సిలబస్‌లో జూదం అన్న మాట రాకూడదు,
గది తలుపు తెరిచే ఉంచాలి.
అందుకని మూడు పౌన్ల రాజ్మా గింజలు కొన్నాను.
ఇరవై రెండు మందికి తలా నూరు
లెక్కపెట్టి పోస్తుంటే నాకే నవ్వొచ్చింది,
గిద్దతో అప్పు కొలిచే షావుకారులా.

మొదటి రోజే నోరు జారింది.
"ఇస్పేటు ఆసు" అనేశాను, బోర్డు వైపు తిరిగి.
వెనక బెంచీలో పాకూ వాంగ్ అనే అమ్మాయి
స్పెల్లింగ్ అడిగి మరీ రాసుకుంది.
అప్పట్నించీ క్లాసంతా ఆటీను, కళావరు అనే అంటోంది,
దీర్ఘాలన్నీ తప్పు చోట తీసి.

ముందు వరసలో ఐనో కోస్కెలా.
డెబ్బై ఒకటి. మార్కులతో పనిలేని విద్యార్థి.
ముప్ఫై రెండేళ్లు ఇనుపరాయి మోసే ఓడల మీద బతికాడు.
లేచి నిలబడితే మోకాళ్లు వణుకుతాయి,
ముక్కలు పట్టుకుంటే మాత్రం వేళ్లు వణకవు.

రెండో వారం, గురువారం.
బల్ల మీద నాలుగు ముక్కలు వెల్లకిలా.
వాటిలో రెండు ఆటీన్లు, ఐనో చేతిలో రెండు.
ఇంకొక్కటి పడితే రంగు కలుస్తుంది.
మధ్యలో నలభై ఐదు గింజలు,
ఉండాలంటే పది వెయ్యాలి.
కనబడని ముక్కలు నలభై ఆరు. అందులో తొమ్మిది తనవి.
పెదాలు కదుపుతూ లెక్కేశాడు.
పది గింజలూ నెట్టాడు, మెల్లగా,
ఒడ్డు నుంచి పడవని నెట్టినట్టు.

కళావరు మూడు పడింది.

"సరిగ్గా ఆడారు" అన్నాను.
"ఓడాను కదా" అన్నాడు.
ఏటా రాసే వాక్యమే బోర్డు మీద రాశాను:
నిర్ణయాన్ని ఫలితంతో తూచకండి.

చాలాసేపు దానికేసి చూశాడు.
చెయ్యెత్తకుండానే మొదలుపెట్టాడు.
"డెబ్బై తొమ్మిది, నవంబరు. గాలి వద్దంది. రేడియో వద్దంది.
మా కెప్టెన్ పదండి అన్నాడు.
రాత్రంతా వంటగదిలో మోకాటి లోతు నీళ్లు.
తెల్లారి రేవు చేరాం. ఒక్కడికీ చిన్న గీరు పడలేదు.
దేవుడన్నాం ఆయన్ని.
రిటైరైతే చందాలేసుకుని గడియారం కొనిచ్చాం.
నేను అందరికంటే ఐదు డాలర్లు ఎక్కువేశాను."

ఆగాడు.

"తప్పు ఆడాడు కదా, టీచర్?"

రేడియేటర్ టిక్కుటిక్కుమంది.
తెరిచిన తలుపు ముందు నుంచి ఎవరో బూట్లతో వెళ్లారు.
జవాబు నా దగ్గరుంది. రెండో అధ్యాయం, చివరి పేరా.
కానీ ఆ తప్పు పుణ్యాన బతికిన మనిషి
ఎదురుగా కూచుని గింజలు పేర్చుకుంటుంటే
అవునని నోరు పెగల్లేదు.

"అలల ఎత్తు గుర్తుందా?" అని అడిగాను.
గుర్తుంది. గాలి వేగం, సరుకు బరువు,
ఆ రాత్రి ఓడలో ఎంతమందో, ఎవరి పక్క మంచం ఎవరిదో.
గంటంతా ఆ ఓడనే లెక్కకట్టాం.
చివర్లో తేలిన అంకెని
ఆయనే వచ్చి చెరిపాడు, స్వెట్టర్ చేతితో.
ఆ సాయంత్రం ఆ నీలం స్వెట్టర్ మీద సుద్ద అలాగే ఉంది.

ఆఖరి రోజు గింజలన్నీ వెనక్కి తీసుకున్నాను.
ఇచ్చినవి రెండు వేల రెండు వందలు.
ఇంటికొచ్చి వంటగది బల్ల మీద పోసి లెక్కపెట్టాను,
మళ్లీ లెక్కపెట్టాను.
పదకొండు ఎక్కువున్నాయి.

ఎవరో ఇంటి నుంచి తెచ్చుకున్నారు!
మూడు వారాల్లో నేను చెప్పని గణితం అదొక్కటే.

మూడుసార్లు కడిగి నానబోశాను.
తెల్లారి చూస్తే అన్నీ ఉబ్బి, తొక్కలు వదులై,
ఏవి నేనిచ్చినవో
ఏవి కావో
పోల్చుకోలేకపోయాను.